అన్నమయ్య కీర్తనలతో సీడీ వేయాలంటే ఎవరి అనుమతి తీసుకోవాలి?

నమస్కారమండీ. మాది తిరుపతి. మా దగ్గర సంగీతం నేర్చుకునే పిల్లలతో అన్నమయ్య కీర్తనలు పాడించి 500 సీడీలు వేయించాలనుకుంటున్నాం. ఖర్చు వచ్చేంత ధరకే అమ్ముతాం. పాత రికార్డింగు ఏదీ వాడటం లేదు, వాద్యాలు కూడా మావే.

అన్నమయ్య 1503లోనే పరమపదించారు కాబట్టి సాహిత్యానికి కాపీరైట్ లేదు. నా టెన్షన్ అంతా బాణీల గురించే. ఇప్పుడు మనం పాడే వరసలు చాలావరకు గత శతాబ్దంలో కట్టినవే కదా. ఉదాహరణకు రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారు 1979లో కన్నుమూశారు. స్వరకర్త మరణించాక 60 ఏళ్లు హక్కు ఉంటుందంటే, ఆయన బాణీలకు 2039 చివరిదాకా ఉన్నట్టే. ఆ మహానుభావుల కష్టానికి దక్కాల్సింది దక్కాలి, అందులో రెండో మాట లేదు.

కానీ అడగాల్సింది ఎవరిని? స్వరకర్త వారసులనా, మొదట రికార్డు విడుదల చేసిన సంస్థనా, పాటల రచయితలు, స్వరకర్తల తరఫున రాయల్టీ వసూలు చేసే ఐపీఆర్‌ఎస్‌నా? కాపీరైట్ చట్టం 31సీ సెక్షన్ చూస్తే, ఇదివరకే రికార్డయిన పాటను మళ్లీ కొత్తగా పాడి వేసే కవర్ వెర్షన్‌కు ఒక్కో పాటకు ఏడాదికి కనీసం 50,000 కాపీల లెక్కన రాయల్టీ ముందే కట్టాలని ఉంది. 500 సీడీలకు అంత భారం మోయలేం. హక్కుదారుతో నేరుగా రాతపూర్వక ఒప్పందం చేసుకుంటే ఈ లెక్క వర్తించదు కదా? ఇలా సీడీ వేసినవాళ్లుంటే, ఒప్పందంలో ఏమేం రాయించుకున్నారో దయచేసి చెప్పండి. పెన్‌డ్రైవ్‌లో ఇస్తే విడిగా అనుమతి కావాలా?