తయారీ ఆగిపోయిన క్యూడీఆర్ ఎస్‌రామ్‌లు: కొనుగోలు, డిజైన్ అనుభవాలు

లాచ్165:
మా కొలత పరికరంలో 250 మెగాహెర్ట్జ్ వద్ద పనిచేసే క్యూడీఆర్-2 ఎస్‌రామ్ (చదవడానికి, రాయడానికి వేర్వేరు పోర్టులున్న వేగవంతమైన మెమరీ చిప్పు) చెడిపోయింది. తయారీదారు ఇచ్చిన చివరి ఆర్డర్ల గడువు ఎప్పుడో ముగిసినందున ఇక పాత నిల్వలు అమ్మే బ్రోకర్లే దిక్కు. వారి వద్ద అదే సామర్థ్యం గల 333 మెగాహెర్ట్జ్ చిప్పు ఉంది. దానిని నేరుగా పెట్టవచ్చునా? ఇలాంటి మార్పు చేసినవారు తమ అనుభవం తెలుపగలరు.

ఎఫ్‌పీజీఏసాధన:
వేగం ఎక్కువైనందువల్ల ఇబ్బంది లేదు, ముందుగా బర్స్ట్ నిడివి (ఒక్క అడ్రస్‌కు వరుసగా బదిలీ అయ్యే డేటా పదాల సంఖ్య) చూడండి. బర్స్ట్-2 చిప్పు గడియారపు రెండు అంచుల వద్దా అడ్రస్ తీసుకుంటుంది, బర్స్ట్-4 చిప్పు ఒక్క అంచు వద్దే తీసుకుంటుంది. రెండూ 165 బాల్స్ (అడుగున ఉండే టంకపు బంతులు) ప్యాకేజీలోనే వస్తాయి కనుక బోర్డు మీద చక్కగా కూర్చుంటాయి. ఒకదానికి బదులు మరొకటి పెట్టిన పొరపాటు వల్ల నేను ఒక వారమంతా మెమరీని నడిపే కంట్రోలర్ కోడ్‌లో లేని తప్పును వెతికాను. దీని తరువాతి తరమైన క్యూడీఆర్-2 ప్లస్ అయితే ఇంకా జాగ్రత్త అవసరం. అందులో రీడ్ లేటెన్సీ (చదవమన్నాక డేటా వచ్చేవరకు పట్టే సమయం) 1.5 సైకిళ్లకు బదులు 2 లేదా 2.5 ఉంటుంది. పైగా పాత చిప్పులో సి-క్లాక్ (చదివిన డేటాకు వాడే రెండో గడియారం) ఇన్‌పుట్ ఉన్న చోట కొత్తదానిలో క్యూవీఎల్‌డీ (డేటా సిద్ధమని తెలిపే సంకేతం) అవుట్‌పుట్ ఉంటుంది. ఒకే క్లాక్‌తో నడిపే పాత బోర్డులలో ఆ బాల్‌ను హై స్థాయికి కట్టి ఉంచుతారు కనుక, కొత్త చిప్పు అవుట్‌పుట్ నేరుగా సరఫరాతో పోట్లాడవలసి వస్తుంది.

బాల్‌గ్రిడ్:
బ్రోకర్ వద్ద కొన్న చిప్పులను అక్షరాలు చూసి నమ్మకండి. మాకు వచ్చినవి అసిటోన్‌తో తుడిచినా చెరగలేదు, ఎక్స్‌రేలోనూ తేడా కనిపించలేదు. అవి అసలైన చిప్పులే, కాని తక్కువ వేగం గ్రేడ్‌కు చెందినవి. పై ముద్ర మాత్రమే మార్చారు. వరుస సంఖ్యలు రాసి చదివే పరీక్షలో అన్నీ నెగ్గాయి. పూర్తి వేగంతో, ప్యాకేజీని వేడిచేసి, యాదృచ్ఛిక డేటాతో రీడ్, రైట్ పోర్టులను ఒకేసారి నడిపినప్పుడు మాత్రమే ఐదు చిప్పులు తప్పు చూపాయి. అలాగే మొత్తం మెమరీని నింపిన తరువాతే చదవడం మొదలుపెట్టండి. సగం సామర్థ్యపు చిప్పుకు పెద్దదాని ముద్ర వేసి ఉంటే అప్పుడే బయటపడుతుంది.

లాచ్165:
చాలా ఉపయోగకరంగా ఉంది. నేను ముందుజాగ్రత్తగా 80 మెగాహెర్ట్జ్ వద్ద ఒక నమూనా చిప్పును పరీక్షించగా చదివిన డేటా అంతా అస్తవ్యస్తంగా ఉంది. ఇది కూడా నకిలీయేనా?

ఎఫ్‌పీజీఏసాధన:
అలా తేల్చివేయకండి. ఈ చిప్పులలోని డీఎల్‌ఎల్ (డేటాను గడియారంతో సరిపెట్టే సర్క్యూట్) సాధారణంగా 120 మెగాహెర్ట్జ్ కంటే దిగువన లాక్ కాదు. డాఫ్ పిన్‌ను గ్రౌండ్‌కు కలిపితే డీఎల్‌ఎల్ ఆగి, లేటెన్సీ ఒక సైకిల్‌కు మారుతుంది. మీ కంట్రోలర్‌ను దానికి తగినట్లు సవరించి మళ్లీ చూడండి. అవుట్‌పుట్ ఇంపెడెన్స్‌ను నిర్ణయించే జెడ్‌క్యూ నిరోధం కూడా సరిచూడండి. 50 ఓమ్‌ల లైన్‌కు అది 250 ఓమ్‌లు ఉండాలి.

బాల్‌గ్రిడ్:
అతికించే ముందు తేమ సంగతి మరవవద్దు. సీలు విప్పి ఏళ్ల తరబడి ఉన్న ప్యాకేజీని బేక్ చేయకుండా (వేడితో తేమ పోగొట్టకుండా) రీఫ్లోకు (టంకం కరిగించి అతికించే దశకు) పంపితే లోపలి తేమ ఆవిరై పొరలు విడిపోతాయి. పాత నిల్వలలో సీసం కలిసిన బాల్స్ ఉండవచ్చు. అవి 183 డిగ్రీల వద్ద కరుగుతాయి, సీసం లేనివి సుమారు 217 వద్ద. ఏవి వచ్చాయో తెలుసుకున్నాకే రీఫ్లో ఉష్ణోగ్రత ప్రొఫైల్ ఎంచుకోండి.