ఆగమన కాలం రంగుకి తెలుగులో ఏ మాట: ఊదా, నీలం, ధూమ్రం?

ప్రశ్న: సికింద్రాబాద్‌లో మా విచారణ (కతోలిక పారిష్) తరఫున కొత్త పూజా సంవత్సరానికి తెలుగు క్యాలెండర్ అచ్చు వేస్తున్నాం. గురువులు (ఫాదర్లు) ఏ రోజు ఏ రంగు పూజావస్త్రం వేసుకోవాలో ఒక వరుసలో ఉంటుంది. ఆగమన కాలానికి, అంటే క్రిస్మస్‌కి ముందు సుమారు నాలుగు వారాలకి, పాత ప్రతుల్లో ఒక చోట ‘నీలం’, ఒక చోట ‘వంకాయ రంగు’, మరో చోట ‘కాషాయం’ అని కనిపిస్తోంది. ‘ధూమ్రవర్ణం’ అని మార్చితే సరిపోతుందా?

జవాబు: ముందు నీలం కొట్టెయ్యండి. రోమన్ పూజావిధి ఇచ్చిన రంగుల్లో నీలం లేదు. నిష్కళంక మాత పండుగకి స్పెయిన్ వంటి కొన్ని చోట్ల ప్రత్యేక అనుమతితో వాడతారు, అంతే. క్యాలెండర్‌లో నీలం అని పడితే, దాన్ని చూసి బట్ట కొనేవాళ్లు నిజంగానే నీలం బట్ట తెస్తారు. కాషాయం అసలే వేరే రంగు.

ధూమ్రం అన్నది తప్పు మాట కాదండీ. అమరకోశం ‘ధూమ్రధూమలౌ కృష్ణలోహితే’ అంటుంది. నలుపూ ఎరుపూ కలిసిన రంగన్నమాట, మనకి కావాల్సింది దాదాపు అదే. తెలుగు బైబిలు పాత అనువాదంలో నిర్గమకాండం 25:4లో ‘నీల ధూమ్ర రక్తవర్ణములు’ అనే ఉంది. కానీ ఈ రోజుల్లో ధూమ్రం అనగానే పొగ గుర్తొచ్చి, బూడిదరంగు అనుకునేవాళ్లే ఎక్కువ. అదే అనువాదం మార్కు 15:17లో క్రీస్తుకి సైనికులు తొడిగించిన వస్త్రాన్ని ‘ఊదారంగు’ అంది. ఉర్దూలోనూ అది ఊదాయే కాబట్టి హైదరాబాద్‌లో బట్టల కొట్లోనూ ఆ మాట చెల్లుతుంది. నా ఓటు ఊదాకే. వంకాయ రంగు నోటిమాటగా బాగానే ఉంటుంది. అయితే వంకాయలో లేత ఊదా నుంచి దాదాపు నలుపు దాకా ఉన్నాయి, అచ్చులో అది నిలవదు.

సందేహం: మాస్టారూ, మార్కు సువార్తలోది రాజవస్త్రం కదా, ఎగతాళికి తొడిగించింది. ఆగమన కాలంలో, తపస్సు కాలంలో (ఈస్టర్ ముందు ఉపవాస దినాల్లో) వేసేది పశ్చాత్తాపానికి గుర్తు. రెండింటికీ ఒకే మాట వాడితే అర్థం చెడదా?

జవాబు: మంచి ప్రశ్న అమ్మా. రోమా చక్రవర్తుల రంగు సముద్రపు నత్తల నుంచి తీసింది, ఎరుపు వైపు మొగ్గేది. పూజావిధి లాటిన్‌లో చెప్పేది వయోలేసియుస్ అని, నీలం పాలు కాస్త ఎక్కువ. తెలుగులో ఊదా రెండింటినీ కలుపుకుంటుంది, ఇక్కడ అది నష్టం కాదు. పశ్చాత్తాపం అర్థం ఎలా వచ్చిందో చూడండి. మూడవ ఇన్నోసెంట్ పోపు కాకముందు, 12వ శతాబ్దం చివర, రాసిన పూజా వ్యాఖ్యానంలో ప్రధాన రంగులు నాలుగే: తెలుపు, ఎరుపు, నలుపు, ఆకుపచ్చ. ఊదాని నలుపు పక్కన చేర్చాడు. అలా దుఃఖం, ఉపవాసం దాని వెంట వచ్చాయి. 1570 పూజాగ్రంథంతో పద్ధతి స్థిరపడింది. కాబట్టి ఊదా అంటే ఒట్టి శోకం కాదు. ఆగమనంలో అది రాజు కోసం ఎదురుచూపు కూడా. ఆ రాజసం మాటలోనే మిగిలి ఉండటం నాకు ఎంతో నచ్చుతుంది.

మరో జవాబు: మాట సంగతి తేలింది కాబట్టి వరుస గురించి చెప్తాను. ‘ఆగమన కాలమంతా ఊదా’ అని ఒకే గీత గీసేస్తారు, అక్కడే క్యాలెండర్లు తప్పుతాయి. డిసెంబరు 3 పునీత ఫ్రాన్సిస్ జేవియర్, తెలుపు. 8న నిష్కళంక మాత, తెలుపు. 13న పునీత లూసీ, విశ్వాసం కోసం ప్రాణమిచ్చిన వేదసాక్షి, ఎరుపు. క్రిస్మస్ తర్వాత ఇంకా జాగ్రత్త: 26న స్తెఫాను ఎరుపు, 27న యోహాను తెలుపు, 28న హేరోదు చంపించిన పసిబిడ్డల పండుగ ఎరుపు. యోహాను అపొస్తలుడే అయినా వేదసాక్షిగా చనిపోలేదన్నది సంప్రదాయం, అందుకే తెలుపు. వీటిలో ఏదైనా ఆదివారం పడితే లెక్క మారుతుంది, ఆ ఏటి పట్టిక చూసి సరిచేసుకోండి. శుభ శుక్రవారానికి పాత పుస్తకాల్లో నలుపు కనిపిస్తుంది. 1970 పూజాగ్రంథం నుంచి ఎరుపు.

ఆగమనంలో మూడో ఆదివారం, తపస్సు కాలంలో నాలుగో ఆదివారం గులాబీ వేసుకోవచ్చు, ఆనవాయితీ ఉన్న చోట. మొదటిదాని ప్రవేశ వాక్యం ఫిలిప్పీయులకు రాసిన లేఖ లోది: ‘ఎల్లప్పుడును ప్రభువునందు ఆనందించుడి.’ ఉపవాసం మధ్య ఊదా కాస్త వెలిసి, వెలుగు తొంగిచూసినట్టన్నమాట. ఆ వస్త్రం లేకపోతే ఊదాయే వెయ్యాలి, తప్పేమీ లేదు. క్యాలెండర్‌లో ‘గులాబీ లేదా ఊదా’ అని రెండూ ఇవ్వండి.

అడిగినవారు: గులాబీ అనగానే ఇక్కడ పార్టీ జెండా రంగు గుర్తొస్తుంది కదండీ. కొట్లో ఏమని అడగాలి?

జవాబు: ‘వాడిన గులాబీ రేకు రంగు’ అనండి. మెరిసే గాఢ గులాబీ వద్దు. ఊదా పక్కన పెట్టి చూస్తే అదే కుటుంబం అనిపించాలి.

జనరల్ బజార్‌లో కొనేటప్పుడు బట్టని కొట్టు బయటికి తెచ్చి పగటి వెలుగులో చూడండి. తెల్లటి ఎల్‌ఈడీ కింద ఊదా శాటిన్ నీలంగా కనిపిస్తుంది, పసుపు దీపం కింద కాఫీ రంగుకి దిగుతుంది. 60 అంగుళాల పన్నా అయితే పైవస్త్రానికి 3 మీటర్లు, అస్తరు అంతే. స్టోల్‌కి (మెడ చుట్టూ వేసుకునే పొడవాటి పట్టీకి) ఇంకో మీటరున్నర అదే తానులో, అదే రోజు కోయించండి. స్టోల్ మొత్తం పొడవు 260 నుంచి 280 సెంటీమీటర్లు, వెడల్పు 10 నుంచి 12. తర్వాత కొందామని వదిలేస్తే రంగు అద్దకం మారి, మెడ దగ్గర రెండు ఊదాలు విడివిడిగా తెలుస్తాయి. కుట్టే ముందు తడిపిన తెల్ల గుడ్డతో రుద్ది చూడండి. ఊదా దిగితే లోపలి తెల్ల అంగీకి చెమటతో మరక పడుతుంది, అది ఉతికినా పోదు.