“తప్పు” అనే మాటకు మొదటి అర్థం ఏమిటి?

ప్రశ్న (అమలాపురం దగ్గరి రైతు)
దాళ్వాకు (రెండో పంట వరికి) కాలువ నీరు చాలని ఏట మా వైపు వంతులవారీగా వదులుతారు. తన వంతు కాని రోజున తూము తెరిచినవాణ్ణి మా నాన్నగారు “వంతు తప్పాడు” అనేవారు. పెద్దలు అతని చేత కట్టించే సొమ్మును కూడా “తప్పు” అనే పిలిచేవారు. జగ్గన్నతోట తీర్థంలో పిల్లవాడు తప్పిపోతే మాత్రం అందులో వాడి నేరమేమీ లేదు. నేరానికీ, నేరం కానిదానికీ ఒకే మాట ఎలా వచ్చింది? ఇది సంస్కృత పదమా?

జవాబు (తెలుగు ఉపాధ్యాయిని, రాజమహేంద్రవరం)
సంస్కృతం కాదండీ, ద్రావిడ పదమే. తమిళ కన్నడాలలోనూ ఉంది. తమిళంలో ఆపద నుంచి బయటపడడానికీ ఇదే క్రియ. ఉండవలసిన చోటు నుంచో, నడవవలసిన జాడ నుంచో తొలగిపోవడం దీని మూలార్థం. గురి తప్పడం, శ్రుతి తప్పడం, లెక్క తప్పడం అన్నప్పుడు ఆ తొలగడమే వినిపిస్తుంది. “నెల తప్పింది” అన్నది మన ఇళ్ళలో శుభవార్త కదా! “నువ్వు తప్ప”, “తప్పక”, “తప్పనిసరి” కూడా ఈ కుటుంబంలోవే. నేరమనే అర్థం తరువాత చేరింది: మాట నుంచి, వంతు నుంచి తొలగితే ఎదుటివాడికి నష్టం కలుగుతుంది కనుక, ఆ తొలగడమే నామవాచకమై దోషానికి పేరైంది.

జవాబు (కాకినాడ)
దీని జోడు మాటను కూడా గమనించండి. “ఒప్పు” అంటే అమరడం, తగి ఉండడం, సమ్మతించడం. ఒప్పందం, ఒప్పుకోలు అందులోంచే వచ్చాయి. నలుగురి మధ్య కుదిరినది ఒప్పు, దాని నుంచి జారినది తప్పు. సంస్కృతపు “ఉల్లంఘన”లో గీత దాటి దూకడం ఉంది, “అతిక్రమణ”లో హద్దు మీరి అడుగు వేయడం ఉంది. మన మాటలో అంత దురుసు లేదు. నాకు ఈ తేడా చాలా విలువైనదిగా తోస్తుంది.

జవాబు (భీమవరం)
సంస్కృతమంతా అలా లేదండీ. “అపరాధం”లోని ధాతువుకు ఉపసర్గతో గురి తప్పడమనే అర్థం ఉంది. బాణం గురి తప్పిన విలుకాణ్ణి అమరకోశం “అపరాద్ధపృషత్కుడు” అంటుంది. రెండు వేర్వేరు భాషాకుటుంబాలు దోషాన్ని ఒకే తీరుగా ఊహించాయన్నమాట.

ప్రశ్న అడిగినవారు
కృతజ్ఞతలు. ఇప్పుడు నాన్నగారి మాట వరుస తెలిసింది: వంతు నుంచి తొలగడం తప్పు, దానివల్ల దిగువ చేనుకు నష్టం చేసిన దోషం తప్పు, ఆ నష్టానికి కట్టే సొమ్మూ తప్పే.