ర్యాంకు 31, శాట్ 1540: ఇరవై కాలేజీలకు పెడితే ఒక్కటైనా రాదా?

ఫ్రిస్కో నాన్న
అందరికీ నమస్కారం. మేం టెక్సస్‌లో ఉంటాం. మా అబ్బాయి ఈ ఏడాది 12వ తరగతిలోకి వచ్చాడు. కాలేజీ ప్రవేశాలకు రాసే శాట్ పరీక్షలో 1600కు 1540. ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, అంటే హైస్కూల్లోనే రాసే కాలేజీ స్థాయి) పరీక్షలు తొమ్మిది రాస్తే ఏడింటిలో 5కు 5, రెండింటిలో 4 వచ్చాయి. తరగతిలో 520 మంది, వాడి ర్యాంకు 31. రోబోటిక్స్ మూడేళ్లు, మృదంగం ఆరేళ్లు, ఆసుపత్రిలో సేవ 120 గంటలు. కంప్యూటర్ సైన్సు తప్ప మరొకటి వద్దంటున్నాడు. ఎంఐటీ, స్టాన్‌ఫర్డ్, కార్నెల్, కార్నెగీ మెలన్, యూటీ ఆస్టిన్ (ఆస్టిన్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయం) ఇలా మొత్తం ఇరవై రాసుకున్నాం. "ఇరవై చోట్ల వేస్తే ఒక్కటైనా తగలకపోదు" అని ఆఫీసులో మిత్రుడొకరు ధైర్యం చెబుతున్నారు. "ఫీజులకే పదిహేను వందల డాలర్లు, ఆ డబ్బుతో లాటరీ టిక్కెట్లు కొన్నా ఒకటే" అంటోంది మా ఆవిడ. ఎవరి మాట నిజం? వాడి అవకాశం ఎంతో ఎవరైనా చెప్పగలరా?

గుణకారం
చెప్పవచ్చండీ, అందుకు లెక్క ఉంది. ఒక్కో కాలేజీలో అవకాశం 5 శాతం అనుకోండి. రాకపోవడానికి 95 శాతం. దాన్ని ఇరవై సార్లు హెచ్చవేస్తే 36 శాతం దగ్గర తేలుతుంది. అంటే ఎక్కడో ఒకచోట సీటు వచ్చే అవకాశం 64 శాతం. సగానికి పైమాటే. మీ మిత్రుడిదే గెలుపు.

ఎడిసన్ అమ్మ
రెండేళ్ల కిందట మమ్మల్ని ముంచింది ఈ 64 శాతమే. పాచికలు వేసిన ప్రతిసారీ కొత్తగా పడతాయి, దరఖాస్తు అలా పడదు. అదే 650 మాటల వ్యాసం, అదే ఇద్దరు టీచర్ల ఉత్తరాలు, స్కూలు కౌన్సెలర్ పంపే అదే కాగితం దాదాపు అన్ని చోట్లకీ వెళతాయి. అన్నం ఉడికిందో లేదో చూడడానికి ఒక్క మెతుకు చాలంటాం కదా. మీరు ఒకే కుండలోంచి ఇరవై మెతుకులు తీసి, ఒకటైనా ఉడికి ఉండకపోదా అంటున్నారు.

మా అమ్మాయి పందొమ్మిది చోట్ల వేసింది. హార్వర్డ్, యేల్ వంటి ఐవీ కాలేజీల ఫలితాలన్నీ మార్చి నెలాఖరులో ఒకే సాయంత్రం, ఒకే గంటకు వస్తాయి. పావుగంటలో ఐదు "లేదు"లు చదివింది. వాళ్ల నాన్న పెరుగన్నం కలిపిన గిన్నె పట్టుకుని గది బయట అలాగే నిలబడిపోయారు, లోపలికి వెళ్లాలో వద్దో తెలియక. అమ్మాయి ఇప్పుడు మా రాష్ట్ర విశ్వవిద్యాలయంలో హాయిగానే ఉంది. అయినా ఆ గిన్నె నా కళ్ల ముందు నుంచి పోదు.

గుణకారం
ఎడిసన్ అమ్మగారూ, మెతుకు పోలికకు నా దగ్గర జవాబు లేదు, ఒప్పుకుంటున్నాను. ఒక చోట కాదన్న కారణమే పక్క చోట కూడా పనిచేస్తుంది కాబట్టి 64 తగ్గాలి. కానీ 5 దాకా మాత్రం దిగదు. వంట ఒకటే అయినా తినేవాళ్ల నాలుకలు వేరు. ఒక కాలేజీ కొట్టిపారేసిన పిల్లవాణ్ని ఇంకొకటి పిలిచి సీటిచ్చిన సందర్భాలు మన ఇళ్లలోనే ఉన్నాయి.

ఇంకో సంగతి. 2024లో ఎంఐటీ సీటిచ్చిన 4.5 శాతం, హార్వర్డ్ ఇచ్చిన 3.6 శాతం సగటులు మాత్రమే. ప్రవేశాల్లో జాతిని లెక్కలోకి తీసుకుంటున్నారని హార్వర్డ్ మీద నడిచిన కేసులో బయటికొచ్చిన లెక్కల ప్రకారం క్రీడాకారులు, పూర్వ విద్యార్థుల పిల్లలు, డీన్ ప్రత్యేక జాబితాలోని వాళ్లు (దాతల బంధువుల వంటివాళ్లు), అధ్యాపకుల పిల్లలు కలిసి దరఖాస్తుల్లో సుమారు 5 శాతం, సీటు వచ్చినవాళ్లలో దాదాపు 30 శాతం. వాళ్లను పక్కన పెడితే మనలాంటి వాళ్లకు మిగిలే శాతం ఇంకా తక్కువ. మరోవైపు, మార్కుల దగ్గరే ఆగిపోయే దరఖాస్తులు కూడా ఆ గుంపులోనే ఉన్నాయి. వాటిని తీసేస్తే మీ అబ్బాయిది కొంత పైకి లేస్తుంది.

రెండో తరం
నేను ఇక్కడే పుట్టి పెరిగినదాన్ని. నేను చదివిన కాలేజీ తరఫున దరఖాస్తుదారులను ఇంటర్వ్యూ చేస్తుంటాను. మన సభల్లో వినిపించే మాట ఒకటి ముందే తీసేస్తాను: "సుప్రీంకోర్టు 2023 తీర్పుతో ప్రవేశాల్లో జాతి లెక్క పోయింది, ఇక మనదే రాజ్యం." తీర్పు తరువాత వచ్చిన మొదటి బ్యాచిలో ఎంఐటీలో ఆసియా మూలాల వాళ్లు 40 నుంచి 47 శాతానికి పెరిగారు. అదే ఏడాది యేల్‌లో 30 నుంచి 24కు పడిపోయారు. తీర్పు ఒకటే, ఫలితాలు రెండు దిక్కులకు వెళ్లాయి. దాని మీద ఏ లెక్క కడతారు?

ఫ్రిస్కో నాన్నగారూ, మీరు రాయనివి రెండున్నాయి. అబ్బాయి ఏ వీసా మీద ఉన్నాడు? ఆర్థిక సాయం అడుగుతారా?

ఫ్రిస్కో నాన్న
హెచ్-4 అమ్మా, ఉద్యోగ వీసా మీద ఉన్నవాళ్ల కుటుంబానికి ఇచ్చేది. నాలుగో ఏట వచ్చాడు, గ్రీన్ కార్డు వరుసలో ఉన్నాం. సాయం ఇస్తే కాదనం. ఇక్కడే చదివిన పిల్లవాడు కదా, వీసాతో పని పడుతుందని అనుకోలేదు.

గోదావరి గట్టు
అయ్యా, ఆ ఒక్క ముక్క మొదటి వాక్యంలో రాసి ఉంటే మనమంతా ఇంత దూరం వచ్చేవాళ్లం కాదు. కిండర్‌గార్టెన్ నుంచి ఇక్కడే చదివినా, హెచ్-4 పిల్లవాడికి ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే ఆర్థిక సాయం అందదు. చాలా ప్రైవేటు కాలేజీలు సాయం విషయంలో అతణ్ని విదేశీ విద్యార్థి కిందే చూస్తాయి. డబ్బు అడిగినా అడగకపోయినా ఎంపికలో తేడా చూపం అని విదేశీయులకు కూడా మాట ఇచ్చినవి ఎంఐటీ, హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, డార్ట్‌మత్, ఆమ్‌హర్స్ట్ వంటి కొన్నే. స్టాన్‌ఫర్డ్ అందులో లేదు. కాబట్టి సాయం అడిగే పెట్టెలో టిక్కు పెట్టినప్పుడు ఒక అవకాశం, పెట్టనప్పుడు ఇంకొకటి. గుణకారం గారి 5 శాతంలో ఈ టిక్కు ఎక్కడుంది?

రెండోది మీ ర్యాంకు. 520లో 31 అంటే 5.96 శాతం. టెక్సస్ చట్టం ప్రకారం యూటీ ఆస్టిన్ 2025లో చేరినవాళ్ల వరకు తరగతిలో పై 6 శాతం వాళ్లకు ఆటోమేటిక్‌గా సీటు ఇచ్చింది. 2026లో చేరే వాళ్లకు దాన్ని 5 శాతం చేశారు. మీవాడు ఒక్క ఏడాది ముందు పుట్టి ఉంటే లోపల ఉండేవాడు, ఇప్పుడు గీత అవతల ఉన్నాడు. 26వ ర్యాంకు కావాలి. పిల్లవాడు అదే, మార్కులు అవే. "వాడి అవకాశం" అంటారే, అందులో వాడి చేతిలో ఉన్నది ఎంతో చూసుకోండి.

ఆటోమేటిక్ సీటు వచ్చినా అది విశ్వవిద్యాలయంలోకే. కంప్యూటర్ సైన్సుకు వేరే వడపోత ఉంటుంది. ఇది తెలియక మా వీధిలోనే ఒకరు సెప్టెంబరులో మిఠాయిలు పంచారు.

ఎడిసన్ అమ్మ
ఈ గీతల సంగతి వింటే గుండె తరుక్కుపోతుంది. ముందస్తు దరఖాస్తు గురించి ఎవరూ అనలేదు. కట్టుబడి ఉండే పద్ధతిలో, అంటే ఎర్లీ డెసిషన్‌లో వేస్తే ప్రవేశ శాతం ఎక్కువ కనిపిస్తుంది. కాలేజీలు ఏటా విడుదల చేసే కామన్ డేటా సెట్‌లో సీ21 అనే చోట ఆ అంకెలు ఉంటాయి. అదే పత్రంలో సీ7 దగ్గర దేనికి ఎంత విలువ ఇస్తారో పట్టిక వేసి చెబుతారు. సలహాదారుకు వేలు పోసే ముందు ఆ రెండు చూడండి, ఉచితం. అయితే ఎర్లీ డెసిషన్‌లో సీటిస్తే చేరి తీరాలి. ఇంకో కాలేజీ ఎంత సాయం ఇస్తుందో పోల్చుకునే వీలుండదు. మీ పరిస్థితిలో నేనైతే భయపడతాను.

గుణకారం
నేను భయపడను. జీతం సరిపోయే కుటుంబమైతే అదే అన్నిటికంటే పెద్ద మీట. పైగా ఆ శాతంలో క్రీడాకారులు కలిసి ఉంటారు కాబట్టి కనిపించినంత లాభం ఉండదు, కానీ ఉంటుంది. స్టాన్‌ఫర్డ్‌కు ముందస్తుగా వేస్తే మిగతా ప్రైవేటు కాలేజీలకు ముందస్తుగా వేయకూడదన్నది కూడా మరిచిపోకండి. నవంబరు 1లోపు తేల్చుకోవాలి.

రెండో తరం
మీరిచ్చిన జాబితా చదివాను. రోబోటిక్స్, మృదంగం, ఆసుపత్రి సేవ. నొచ్చుకోవద్దు, నేను ఇంటర్వ్యూ చేసే ప్రతి ముగ్గురిలో ఒకరిది ఇదే జాబితా. ఎవరూ చెప్పకుండా వాడంతట వాడు చేసేది ఏదైనా ఉందా?

ఫ్రిస్కో నాన్న
చెప్పుకోదగ్గది ఏమీ లేదమ్మా. ఆదివారాలు గుడి వంటశాలకు వెళతాడు. పులిహోరకు ఎంత బియ్యం పోయాలో ఎప్పుడూ అంచనా తప్పేది, మధ్యాహ్నానికి రెండు గుండిగలు మిగిలిపోయేవి. వీడు పార్కింగులో కార్లు లెక్కపెట్టి, వాతావరణం, పండుగలు కలిపి ఏదో చిన్న ప్రోగ్రాము రాశాడు. ఇప్పుడు వంటాయన శనివారం రాత్రి వీడికి ఫోను చేసి "బాబూ, రేపు ఎన్ని కిలోలు?" అని అడుగుతాడు. ఉగాది నాడు మాత్రం తప్పింది, వంద మందికి తక్కువ పడింది. వారం రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు.

రెండో తరం
ఇది జాబితాలో ఎందుకు లేదు?!

గోదావరి గట్టు
ఆగండమ్మా. ఇప్పుడు దీన్ని పట్టుకెళ్లి సలహాదారుకు ఇస్తారు, వాళ్లు దీన్ని "ఆహార వృథాపై పోరాటం" అని సంస్థగా రిజిస్టరు చేయిస్తారు, వెబ్‌సైటు పెడతారు. పులిహోర కాస్తా పాచిపోతుంది. రాస్తే ఉగాది నాడు తప్పిన సంగతితో సహా వాణ్నే రాసుకోనివ్వండి. దీనితో ఎంఐటీ తలుపులు తెరుచుకుంటాయని కూడా ఆశపెట్టకండి. ఇలాంటివి వాళ్లు వేలకొద్దీ చదువుతారు.

గుణకారం
నా మొదటి జవాబును ఇలా సవరిస్తున్నాను. యూటీ ఆస్టిన్‌లో కంప్యూటర్ సైన్సు: కష్టం. టెక్సస్ ఏ అండ్ ఎంలో పై 10 శాతం నిబంధన ఉంది, విశ్వవిద్యాలయంలోకి సీటు ఖాయం, ఇంజనీరింగు వేరే సంగతి. యూటీ డాలస్: దాదాపు ఖాయం. నివాస నిబంధనలు తీరితే టెక్సస్‌లో హెచ్-4 పిల్లలకు స్థానిక ఫీజే. ఈ మూడింటికీ అంచనా కట్టగలను. ఎంఐటీ, స్టాన్‌ఫర్డ్‌లకు నేను ఏ అంకె చెప్పినా అది ఊహే. ఇరవైలో ఎనిమిది కొట్టేయండి, ఆవిడగారికి ఆరువందల డాలర్లు మిగులుతాయి.

ఫ్రిస్కో నాన్న
పదకొండుకు తగ్గించాం. సాయం విషయం ఈ రాత్రి కూర్చుని తేల్చుకుంటాం. ఇంతలో ఒక ఇబ్బంది వచ్చి పడింది. మావాడికి ఈ చర్చ ఎవరో పంపారట. "ఎవరిని అడిగి నా ర్యాంకు పెట్టావు నాన్నా?" అని తలుపు వేసుకున్నాడు. శీర్షికలోంచి 31 తీసేయడం ఎలాగో ఎవరికైనా తెలుసా?

గుణకారం
జవాబులు వచ్చాక శీర్షిక మార్చడం కుదరదండీ.