కన్విన్స్ తర్వాత ‘టు’ రావచ్చా?

ప్రశ్న: ‘షీ కన్విన్స్‌డ్ హిమ్ టు రిజైన్’ తప్పనీ, అక్కడ పర్‌స్వేడ్ మాత్రమే రావాలనీ పాతకాలపు వాడుక నియమం. ఇంకా పాటించాలా?

పదమూలం (మాటల పుట్టుక చూసేవారు): పాటించాలి. కన్విన్స్ పని మనసులోనే ముగుస్తుంది, పర్‌స్వేడ్ చేతల దాకా పోతుంది. పొగ తాగడం హానికరమని ఒకరికి పూర్తిగా నమ్మకం కలిగించవచ్చు, అయినా మానడానికి ఒప్పించలేకపోవచ్చు. అందుకే కన్విన్స్‌కి ‘దట్’ లేదా ‘ఆఫ్’, పర్‌స్వేడ్‌కి ‘టు’.

వాడుకరి (మాటల నేటి వాడుక చూసేవారు): ఆ గీత ఎప్పుడో చెరిగిపోయిందండీ. ఇరవయ్యో శతాబ్దం మధ్య నుంచి అమెరికా ఇంగ్లీషులో ‘కన్విన్స్ టు’ విరివిగా ఉంది, నేటి నిఘంటువులూ ఇస్తున్నాయి. పైగా ‘పర్‌స్వేడ్ దట్’ శతాబ్దాలుగా చెల్లుతోంది. అటు నుంచి గీత దాటితే లేని తప్పు ఇటు నుంచి దాటితే ఎలా వచ్చింది?

పదమూలం: ఆ మాట నిజమే, ‘టు’ సంగతి వదిలేస్తాను. కానీ రెండూ ఒకటే అంటే మాత్రం ఒప్పుకోను. కన్విన్స్‌లో ఉన్నది గెలవడం అనే అర్థమున్న లాటిన్ ధాతువు, కన్విక్ట్ (నేరం రుజువు చేయడం) కూడా అందులోంచే పుట్టింది. పర్‌స్వేడ్‌లో ఉన్నది సలహా చెప్పి పురికొల్పడం. అందుకే ఆటలో ‘కన్విన్సింగ్ విక్టరీ’ అంటారు, పర్‌స్వేసివ్ అనరు. మనసు మళ్లించి మాన్పించడానికి డిస్‌స్వేడ్ ఉంది, కన్విన్స్‌కి అలాంటి జంట లేదు.

అనువాదకురాలు: తెలుగులోకి తెచ్చేటప్పుడే అసలు చిక్కు. కన్విన్స్ కనబడగానే ‘నమ్మించాడు’ అని రాసేస్తారు. మన నమ్మించడానికి మోసం వాసన ఉంది. ‘నమ్మించి గొంతు కోశాడు’ అన్న వాడుక ఊరికే రాలేదు. ఇంగ్లీషు మాటకు ఆ మచ్చ లేదు. ‘దట్’ ఉంటే ‘నమ్మకం కలిగించాడు’, ‘టు’ ఉంటే ‘ఒప్పించాడు’ అనండి.

వాడుకరి: పర్‌స్వేడ్‌కి ‘నచ్చజెప్పాడు’ సరిపోదా?

అనువాదకురాలు: సరిపోదండీ. ‘ఎంత నచ్చజెప్పినా వినలేదు’ అంటాం కదా, అంటే నచ్చజెప్పడంలో ఫలితం లేకపోయినా ఫర్వాలేదు. ‘పర్‌స్వేడెడ్ హిమ్ టు గో’ అంటే అతను సరేనన్నట్టే. నచ్చజెప్పడం ‘ట్రైడ్ టు పర్‌స్వేడ్’ ఉన్నచోటే కుదురుతుంది. ఈ తేడా చూడకపోతే, ఒప్పుకున్న మనిషి తెలుగులో ఇంకా బెట్టు చేస్తున్నట్టు కనిపిస్తాడు.

ప్రశ్న: అయితే రిజైన్ వాక్యం?

వాడుకరి: మామూలు రాతలో అలాగే ఉంచండి. పాత నియమాన్నే అడిగే పరీక్షలో మాత్రం పర్‌స్వేడ్ రాయండి, దానికి ఎవరూ మార్కు కొయ్యరు.