ఉగాది సంబరం, మాంచెస్టర్: పనుల పంపకం, దానికి ముందు గ్రూపు సంగతి

సమన్వయకర్త, ఫిబ్రవరి 8, ఆదివారం

అందరికీ నమస్కారం.

ఈసారి ఉగాది మార్చి 19, గురువారం వచ్చింది. సంబరం మాత్రం మార్చి 21, శనివారం. హాలు తాళాలు ఉదయం 10 గంటలకు మన చేతికిస్తారు, రాత్రి 8 గంటలకల్లా ఊడ్చి అప్పగించాలి. కార్యక్రమం మధ్యాహ్నం 2 నుంచి 6 వరకు. దాదాపు 250 మంది వస్తారని అంచనా.

పనుల పంపకం ఇప్పటికే వాట్సాప్‌లో అయిపోవలసింది. అక్కడి నుంచి ఈమెయిల్‌లోకి ఎందుకు లాక్కొచ్చానో అందరికీ తెలుసు. నిన్న రాత్రి పులిహోర దగ్గర మొదలైన మాట తెల్లవారేసరికి ‘సంఘంలో పెత్తనం ఎవరిది’ అనే దాకా పోయింది. మధ్యలో ఇద్దరు గ్రూపు వదిలి వెళ్లారు. ఆ కబురు అడ్మిన్లకే వస్తుంది కాబట్టి మీలో చాలామందికి తెలిసి ఉండదు. వాళ్లిద్దరికీ ఫోన్ చేసి మాట్లాడాను. ఒకరు అలిగారు. రెండో వారు అలగలేదు, ఫోను మోగుతూనే ఉందని విసిగిపోయారు.

పరాభవ నామ సంవత్సరం మార్చి 19న మొదలవుతుంది. మనం ఫిబ్రవరిలోనే ముహూర్తం పెట్టనవసరం లేదు.

జరిగింది ఇంతే. ‘పులిహోరలో ఏమేమి వేస్తున్నారు?’ అని ఒకరు అడిగారు. ఇరవై కిలోల బియ్యంతో పులిహోర కలపబోయేవారు అది చదివి నొచ్చుకున్నారు. ఎందుకు అడుగుతున్నారో ఒక్క ముక్క రాసి ఉంటే సరిపోయేదని నా ఉద్దేశం. ఎవరి మాట వారు ఇక్కడ చెప్పండి, తీరిగ్గా, ఒకరి తరువాత ఒకరు.


వంటల బాధ్యురాలు

నా మాట ముందు చెబుతాను, ఎలాగూ అందరూ నా గురించే మాట్లాడుకుంటున్నారు.

రాత్రి పదకొండు దాటింది. మరునాటికి మినపప్పు నానబెడుతున్నాను. ఫోను మోగింది. వంద మందికి పైగా ఉన్న గ్రూపులో నా పేరు తగిలించి ‘పులిహోరలో ఏమేమి వేస్తున్నారు?’ అని ఉంది. ముందు అక్కా అన్న పిలుపు లేదు, వెనక ఇంకో మాట లేదు. దాని కింద ఎవరో నవ్వు బొమ్మ పెట్టారు. ఆ నవ్వు ఎందుకు? పోయినేడాది సాంబారులో ఉప్పు ఎక్కువైందని ఇదే గ్రూపులో ఎవరు ఏమన్నారో నాకు గుర్తుంది. ఆ జ్ఞాపకంతోనే చదివాను, నిజమే. కానీ ఆ జ్ఞాపకాన్ని నేను కల్పించుకోలేదు కదా.

‘చేతనైనవాళ్లు వచ్చి వండుకోండి’ అని రాశాను. అందులో తప్పేమీ లేదు. ఇప్పటికీ ఎవరైనా వస్తే సంతోషమే, ఉల్లిపాయలు తరగడానికి ఇద్దరు తక్కువగా ఉన్నారు.


నమోదు బల్ల

అక్కా, ఆ ప్రశ్న నాదే. సమన్వయకర్తగారు కారణం రాయలేదన్నారు. రాశాను. అంతకు ముందు మెసేజ్‌లోనే ఉంది. ఆ రెండింటి మధ్య ఎవరో పాత సోఫా అమ్మకానికి పెట్టారు, ముగ్గురు శుభరాత్రి బొమ్మలు పంపారు, ఒకరు విజయవాడలో వాన వీడియో పెట్టారు. నా కారణం పైకి కొట్టుకుపోయింది, ప్రశ్న ఒక్కటే మీ కంటపడింది.

కారణం ఇది. హాలు ఒప్పందంలో వడ్డించే ప్రతి వంటకానికీ అలర్జీ వివరాలు బల్ల మీద పెట్టాలని ఉంది. ఇక్కడి ఆహార నిబంధనల్లో తప్పనిసరిగా తెలియజేయవలసిన పదార్థాలు 14 ఉన్నాయి. వాటిలో మన వంటింటివే చాలా ఉన్నాయి: వేరుశెనగ, జీడిపప్పులాంటివి, ఆవాలు, నువ్వులు, గోధుమ, పాలు. నమోదు పత్రంలో కొన్ని కుటుంబాలు పిల్లలకు వేరుశెనగ పడదని రాశాయి. ఒక తల్లి అయితే ‘పులిహోర ఉంటుందా? ఉంటే మా అబ్బాయిని వడ్డన బల్లకు దూరంగా కూర్చోబెడతాను’ అని రాసింది. అది చదివాక నాకు నిద్ర పట్టలేదు. అందుకే ఆ వేళప్పుడు అడిగాను.

మీ వంట మీద నాకు అనుమానం ఉంటే మా అమ్మాయి పుట్టినరోజుకు మీ చేత బొబ్బట్లు చేయించుకునేదాన్నా?


విద్యార్థి వాలంటీర్

నవ్వు బొమ్మ పెట్టింది నేను కాదు. పెట్టినవాడు నా గదిలోనే ఉంటాడు, వాన వీడియోకు పెట్టబోయి వేలు జారిందట. నమ్మడం, నమ్మకపోవడం మీ ఇష్టం.

నేను చదువుతున్నది మనస్తత్వశాస్త్రం కాబట్టి ఒకటి చెబుతాను. జస్టిన్ క్రూగర్, నికొలస్ ఎప్లీ, మరో ఇద్దరు కలిసి 2005లో ఒక పరిశోధన ప్రచురించారు. కొందరి చేత వెటకారంగా కొన్ని వాక్యాలు, మామూలుగా కొన్ని వాక్యాలు పంపించారు. ఏది ఏమిటో చదివేవారు 78 శాతం సార్లు సరిగ్గా పసిగడతారని రాసినవారు అనుకున్నారు. ఈమెయిల్‌లో చదివినవారు సరిగ్గా చెప్పింది 56 శాతమే. బొమ్మా బొరుసూ వేసినా సగం సార్లు నిజమవుతుంది. రాసేటప్పుడు మన గొంతు మనకు వినిపిస్తూ ఉంటుంది, అవతలివారికి కూడా వినబడిందనుకుంటాం. నిన్న అక్క రాసిన ‘చేతనైనవాళ్లు వచ్చి వండుకోండి’ని నేను నిజంగానే ఆహ్వానం అనుకుని, వస్తానని రాశాను. దాంతో ఇంకా కోపం వచ్చిందని తరువాత తెలిసింది.

ఉల్లిపాయలకు నేను వస్తాను. ఇది మామూలు వాక్యమే.


వంటల బాధ్యురాలు

సరే, జాబితా ఇదిగో. ప్రతి వంటకం డబ్బా మీదా ఇదే చీటీగా అతికిస్తాను.

పులిహోర: ఆవాలు, వేరుశెనగపప్పు, జీడిపప్పు, ఇంగువ. ఇంగువను నేను లెక్కలోకి తీసుకోలేదు, చిటికెడే కదా అని. ఇందాక డబ్బా వెనక్కి తిప్పి, చిన్న అక్షరాలు కళ్లద్దాలు పెట్టుకుని చదివితే గోధుమపిండి అని ఉంది, అదీ లావు అక్షరాల్లో. ఇరవై ఏళ్లుగా వాడుతున్న డబ్బా ఇది. కాబట్టి గోధుమ పడనివారికి పులిహోర కూడా పనికిరాదు. గోధుమ కలవని ఇంగువ ఆసియా దుకాణాల్లో దొరుకుతుందంటారు, వెతుకుతాను. లేకపోతే ఇంగువ మానేస్తాను. వాసన తగ్గిందని ఎవరూ గ్రూపులో రాయకూడదు.

వేరుశెనగ, జీడిపప్పు వేయకుండా ఒక గిన్నె వేరుగా కలుపుతాను. కలిపే గరిటె, మూత, వడ్డించే బల్ల అన్నీ వేరు. దాని దగ్గర నిలబడే మనిషి కూడా వేరుగా ఉండాలి, ఆ గరిటె ఈ గిన్నెలో పెట్టకుండా చూడడమే పని.

బొబ్బట్లు: మైదా అంటే గోధుమే, నెయ్యి అంటే పాలే. గారెలు: మినపప్పు, అల్లం, పచ్చిమిర్చి. పచ్చడి: చింతపండు, బెల్లం, మామిడికాయ, వేపపువ్వు, ఉప్పు, మిరియాలు. అందులో పుట్నాలు, జీడిపప్పు వేయాలని అడిగేవారి కోసం వాటిని పక్కన గిన్నెలో పెడతాను. గట్టి పచ్చడి ఒకటి, తెలంగాణలో తాగే పలుచటి పచ్చడి ఒకటి, రెండూ ఉంటాయి. ఏది అసలైన ఉగాది పచ్చడి అన్న చర్చను మార్చి 22 తరువాత పెట్టుకోండి.


వేదిక, పంచాంగ శ్రవణం

అమ్మా, బాబూ, మీరంతా వాట్సాప్ వచ్చాక పుట్టిన తగవులనుకుంటున్నారు. తొంభైలలో యూజ్‌నెట్‌లో, అంటే అప్పటి ఇంటర్నెట్ చర్చావేదికల్లో, మన తెలుగువాళ్లకొక చర్చాసమూహం ఉండేది. తెలుగు అక్షరాలు తెర మీద కనబడని రోజులు, అందరం ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసుకునేవాళ్లం. అలకలు అప్పుడూ ఉన్నాయి, అలిగి వెళ్లి మళ్లీ వచ్చినవారూ ఉన్నారు. 1995 అక్టోబరులో ఇంటర్నెట్ మర్యాదల మీద ఒక పత్రం వచ్చింది. ఆర్‌ఎఫ్‌సీ 1855 అంటారు, ఇంటెల్‌లో పనిచేసే శాలీ హాంబ్రిడ్జ్ కూర్చింది. ఇంగ్లీషులో అన్నీ పెద్దక్షరాల్లో (క్యాపిటల్స్‌లో) రాస్తే అరిచినట్టుంటుందనీ, కోపంగా ఉన్నప్పుడు జవాబు రాత్రికి ఆపి మరునాడు పంపమనీ, అవతల చదివేది మనిషేననీ, ఆ మనిషి భాషా సంస్కృతీ హాస్యమూ వేరు కావచ్చుననీ అందులోనే ఉంది. ముప్పై ఏళ్లయింది. నిన్న రాత్రి ఎవరూ మరునాటి దాకా ఆగలేదు.

ఇంక నా పని. పంచాంగ శ్రవణం చేసే పంతులుగారు రాజమండ్రి నుంచి వీడియోలో వస్తారు. మన మధ్యాహ్నం 2 గంటలంటే ఆయనకు రాత్రి 7:30. గ్రూపులో ఒకరు ‘తేడా నాలుగున్నర గంటలే’ అని సరిదిద్దారు. అది వేసవి లెక్క. ఇక్కడ గడియారం ముందుకు జరిగేది మార్చి 29, ఆదివారం. మనది 21న. కాబట్టి ఐదున్నర. ఆయనకు పంపిన మెసేజ్‌లో ‘శనివారం, మార్చి 21, భారత కాలమానం రాత్రి 7:30’ అని పూర్తిగా రాశాను. అందరూ అలాగే రాయండి. రాత్రి 11:50కి ‘రేపు కలుద్దాం’ అని ఒకరు రాస్తే సగం మంది అర్ధరాత్రి దాటాక చదివి ఇంకో రోజు హాలు చూడడానికి వెళ్లారు. ‘వచ్చే శనివారం’ అన్నా ఇదే గతి.

నాలుగు నిమిషాల వాయిస్ మెసేజ్‌లు నాకు పంపకండి. బస్సులో వినలేను, మళ్లీ వెతకలేను. తప్పదనుకుంటే పంపి, సారం ఒక్క వాక్యంలో కింద రాయండి.


కోశాధికారి

క్లుప్తంగా. హాలు అడ్వాన్సు గురించి ఒకరు ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాశారు. దీర్ఘం కనబడక నేను ‘కట్టాడు’ అని చదివాను. ఆయన రాసింది ‘కట్టడు’. గడువుకు ముందు రోజు బయటపడింది కాబట్టి సరిపోయింది. డబ్బు సంగతి తెలుగు లిపిలో రాయండి, లేదా మొత్తం ఇంగ్లీషులోనే రాయండి. మొత్తం ఎంత, ఏ తేదీన, ఎవరి ఖాతా నుంచి, రసీదు ఫొటో. ఇవి లేని మెసేజ్‌కు నేను జవాబివ్వను. దాన్ని కోపమనుకోవద్దు.


విద్యార్థి వాలంటీర్

ఇంకొక తగవు మిగిలింది, మా మీద వచ్చింది. ‘బల్లలు మోయడానికి శనివారం పొద్దున 10కి ఆరుగురు కావాలి’ అని ఒక అన్నయ్య రాస్తే పదకొండు మంది బొటనవేలు బొమ్మ పెట్టారు. జనవరి భోగి రోజు కూడా అలాగే పెట్టారు, వచ్చింది ఇద్దరం. కుర్రాళ్లకు బాధ్యత లేదని అప్పుడు అన్నారు. మా వాళ్లను అడిగితే ఆ బొమ్మకు అర్థం ‘చదివాను’ అన్నారు. పెద్దవాళ్లకు అది ‘వస్తాను’. ఇద్దరిదీ సొంత నిఘంటువే. అందుకని వాట్సాప్‌లో పోల్ పెట్టాను, వచ్చేవారు పేరు నొక్కాలి. ఇప్పటికి నలుగురు నొక్కారు. తక్కువే, కానీ ఈ నలుగురూ వస్తారు.

మరొకటి. పెద్దవాళ్లెవరైనా మాకు ‘ఓకే.’ అని చుక్క పెట్టి రాస్తే మాకు గుండె జారుతుంది. కోప్పడ్డారనిపిస్తుంది.


వేదిక, పంచాంగ శ్రవణం

వాక్యం అయ్యాక చుక్క పెట్టక ఏం పెట్టాలి నాయనా? పెడతాను. అది కోపం కాదని ఇప్పుడు రాసిపెట్టాను కదా.


సమన్వయకర్త, ఫిబ్రవరి 10, మంగళవారం

అందరి మాటా చదివాను. చేసినవి చెబుతాను, అభ్యంతరం ఉంటే గురువారం, ఫిబ్రవరి 12 రాత్రి 9 గంటలలోపు ఇక్కడే రాయండి.

పెద్ద గ్రూపులో ఇక అడ్మిన్లే రాయగలిగేలా మార్చాను. సభ్యులకు అక్కడ ప్రకటనలు మాత్రమే వస్తాయి. పనుల కోసం వంట, వేదిక, పిల్లల నృత్యాలు, నమోదుకు విడివిడిగా చిన్న గ్రూపులు. సోఫాలకూ వానలకూ ఊరి రాజకీయాలకూ ఇంకో గ్రూపు పెట్టాం, ఇష్టమైనవారు చేరవచ్చు. దాని అడ్మిన్‌గా ఉండడానికి ఇంతవరకు ఎవరూ ముందుకు రాలేదు, అర్థం చేసుకోగలను. ‘నోరు నొక్కేస్తున్నారా’ అని ఇద్దరు నాకు విడిగా రాశారు. వాళ్లు చెప్పదలచినది ఇక్కడే చెప్పవచ్చు, ఎవరూ ఆపరు.

ఎవరినైనా ఏదైనా అడిగేటప్పుడు కారణం అదే మెసేజ్‌లో, ముందు వాక్యంగా పెట్టండి. పాత మెసేజ్‌కు జవాబయితే దాన్నే నొక్కి పట్టుకుని జవాబివ్వండి, అప్పుడు పైది కూడా కనబడుతుంది. రాసింది పొరపాటైతే పదిహేను నిమిషాల లోపు సరిచేసుకోవచ్చు. పంపినదాన్ని అందరి ఫోన్లలోంచీ చెరిపేయడం మాత్రం వీలైనంత వరకు వద్దు. చెరిపేసిన మెసేజ్‌లో ఏముందోనన్న ఊహ అసలు మెసేజ్ కన్నా ఎక్కువ చెరుపు చేస్తుందని నిన్న నాకు వచ్చిన ఫోన్లే చెప్పాయి. మనిషి మీద ఫిర్యాదు ఉంటే ఆ మనిషికే ఫోన్ చేయండి. అది కుదరకపోతే నాకు చేయండి. మెసేజ్‌ను ఫొటో తీసి మూడోవారికి పంపడం మన సంఘంలో ఉండకూడదు, ఈ ఒక్క దాంట్లో నేను మెత్తబడను.

పిల్లల నృత్యాల ఫొటోలు గ్రూపులో పెట్టే ముందు తల్లిదండ్రుల అనుమతి నమోదు పత్రంలోనే తీసుకుంటున్నాం. ఒప్పుకోనివారి పిల్లలకు పసుపు పట్టీ చేతికి కడతారు. కెమెరా పట్టుకునేవారు అది చూసి తప్పించాలి.

వంట: వేడి పదార్థాలు 63 డిగ్రీలకు తగ్గకుండా ఉంచాలని హాలు వాళ్ల కాగితంలో ఉంది. హాలు వంటగదిలో వేడి పెట్టె ఒకటే ఉంది, గారెలకు అది. సాంబారుకు విద్యుత్ పొయ్యి ఎవరైనా తేవాలి. వేరుశెనగ లేని బల్ల దగ్గర నిలబడడానికి నమోదు బల్లవారే ఒప్పుకున్నారు, ఆ సమయంలో నమోదు నేను చూస్తాను.

ఇంకా తేలనిది వేపపువ్వు ఒక్కటే. ఇక్కడి దుకాణాల్లో దొరకలేదు. ఇంటి దగ్గర నుంచి తెచ్చుకున్న ఎండు పువ్వు ఎవరి దగ్గరున్నా ఈమెయిల్‌కు జవాబివ్వండి. ఎంత ఉందో గ్రాముల్లో రాయండి. కాస్త, గుప్పెడు, సరిపడా అని రాసినవారికి నేను మళ్లీ ఉత్తరం రాయవలసి వస్తుంది.


వంటల బాధ్యురాలు

మా ఇంట్లో 40 గ్రాములు. ఇప్పుడే తూచాను.