చుక్కలతో బొమ్మ వేయిస్తుంటే పిల్లలు గీతలు కలిపేస్తున్నారు, ఏం చేయాలి?

ప్రశ్న (నల్గొండ, టీచర్):
ఆదివారాలు మా వరండాలో వీధి పిల్లలకు బొమ్మలు నేర్పుతుంటాను. అందరూ ఐదు నుంచి ఎనిమిదేళ్ల వాళ్లు. ఈసారి ఉత్త చుక్కలతోనే బతుకమ్మ వేయమన్నాను. కాసేపు బాగానే సాగింది. తర్వాత ఒక పాప చుక్కలన్నిటినీ చకచకా గీతలతో కలిపేసింది. అదేమిటని అడిగితే "మా నానమ్మ ఇలాగే కలుపుతుంది టీచర్" అంది. మిగిలినవాళ్లు ఓపిక పట్టలేక కుంచెతో రుద్దేశారు. తంగేడు పసుపు, గునుగు ఊదా కలిసి అంతా బురద. ఎక్కడ తప్పు చేశాను?

జవాబు (మిర్యాలగూడ, డ్రాయింగ్ సార్):
ఆ పాప తప్పేమీ లేదు మేడమ్. ముగ్గులో చుక్క ఉండేదే గీత కోసం. ఇక్కడ చుక్కే బొమ్మ అని నోటితో చెబితే పిల్లలకు ఎక్కదు. దినపత్రికలోని రంగుల ఫొటోను భూతద్దం కింద పెట్టి చూపించండి. నీలం, గులాబీ, పసుపు, నలుపు చుక్కలు విడివిడిగా కనిపిస్తాయి. మా క్లాసులో అద్దం కోసం కొట్లాటే!

ఇక కుంచెలు దాచేయండి. కుంచె చేతిలో ఉన్నంతసేపు పిల్లలు రుద్దక మానరు. చెవిలో పెట్టుకునే దూది పుల్లలు ఇవ్వండి, రంగుకొకటి. పోస్టర్ కలర్ దోసె పిండి కంటే కాస్త చిక్కగా ఉండాలి. పలచనైతే చుక్క పాకి పక్కదానిలో కలుస్తుంది. బొమ్మ మొత్తం మీద ముందు పసుపు చుక్కలన్నీ పెట్టించి, ఆరాకే ఊదా ఇవ్వండి. కాగితం పోస్టుకార్డంత చాలు. ఈ పద్ధతికి ఆద్యుడైన ఫ్రెంచి చిత్రకారుడు జార్జ్ సూరా తన పెద్ద చిత్రం 'లా గ్రాండ్ జాట్'ను 1884లో మొదలుపెట్టి 1886లో ముగించాడు. దాని వెడల్పు సుమారు మూడు మీటర్లు. మన పిల్లల ఓపిక పదిహేను నిమిషాలు.

ప్రశ్న (నల్గొండ, టీచర్):
ఇంకో సందేహం సార్. పసుపు, నీలం చుక్కలు పక్కపక్కన పెడితే దూరం నుంచి ఆకుపచ్చగా కనిపిస్తాయని చదివాను. నేనే వేసి చూశాను. గేటు దాకా వెళ్లినా చుక్కలు చుక్కల్లాగే ఉన్నాయి.

జవాబు (మిర్యాలగూడ, డ్రాయింగ్ సార్):
దూది పుల్ల చుక్క ఐదు మిల్లీమీటర్లు ఉంటుంది. అది పూర్తిగా కలిసిపోవాలంటే పదిహేను మీటర్లకు పైనే వెనక్కి వెళ్లాలి, అంటే మీ వీధి దాటాలి. అగ్గిపుల్ల వెనక కొనతో రెండు మిల్లీమీటర్ల చుక్క పెడితే ఏడు మీటర్లు చాలు. కళ్లు సగం మూస్తే ఇంకా దగ్గరికే కలుస్తాయి.

ఆకుపచ్చ మాటకొస్తే, చాలామంది చదివి మోసపోయేది అక్కడే. పసుపు, నీలం పళ్లెంలో కలిపితే పచ్చన. చుక్కలుగా కంటిలో కలిస్తే బూడిద రంగుకు దగ్గరవుతాయి. ఆకులకు అసలు ఆకుపచ్చ చుక్కలే పెట్టించి, మధ్య మధ్య పసుపు, నీలం చల్లించండి. పిల్లలకు మొదట ఎరుపు, పసుపు ఇవ్వండి. దూరం నుంచి నారింజ రంగు చక్కగా వస్తుంది.

జవాబు (పోచంపల్లి, నేత ఇంటివాడిని):
ఇది మా మగ్గానికి తెలిసిన సంగతే సార్. నెమలికంఠం చీర తీసుకోండి. పడుగు ఒక రంగు, పేక మరో రంగు. దగ్గర చూస్తే రెండు పోగులు, కట్టుకుని నడిస్తే మెరిసే మూడో రంగు. పిల్లలకు ఒక ముక్క చూపించండి టీచర్ గారూ.

జవాబు (మిర్యాలగూడ, డ్రాయింగ్ సార్):
భలే గుర్తుచేశారు. సూరా చదువుకున్న రంగుల సిద్ధాంతం కూడా నూలు దగ్గరే పుట్టింది. పారిస్‌లోని గోబెలిన్ అద్దకశాలలో నల్ల రంగు వెలవెలబోతోందని ఫిర్యాదులొస్తే, షెవ్రెల్ అనే రసాయన శాస్త్రవేత్త పరిశీలించి, లోపం అద్దకంలో లేదు, పక్కనున్న నీలం, ఊదా పోగుల వల్ల అలా కనిపిస్తోందని తేల్చాడు. 1839లో దాని మీద పుస్తకమే రాశాడు.

నల్గొండ, టీచర్:
నిన్న చేయించాను. ఎరుపు, పసుపు, అగ్గిపుల్లలు, పోస్టుకార్డంత కాగితం. గేటుకు తగిలించి అవతలి అరుగు మీద నుంచి చూస్తే బంతిపూల వరస నిజంగానే నారింజ రంగులో కనిపించింది. ఆ పాప బతుకమ్మలో ఒక్క గీత కూడా లేదు. కింద నేల మీద మాత్రం చిన్న ముగ్గు పెట్టి, దాని చుక్కలు కలిపేసింది. "ఇక్కడ కలపొచ్చు కదా టీచర్" అంది. కాదనలేకపోయాను.